గిత్తకు బ్రెజిల్ ఉంది, పిగిలికో?

1868లో ఒంగోలు జాతి పశువుల జంట ఒకటి బ్రెజిల్‌లోని సాల్వడార్ రేవులో దిగింది. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలోదే. ఆ జాతి అక్కడ ‘నెలోర్’ అయింది. 1962లో కరవది అనే ఒంగోలు గిత్త కూడా అక్కడికి వెళ్ళింది. ఇవాళ ఆ దేశపు మాంసం మందల్లో అత్యధికం ఈ రక్తమే.

అదే నెల్లూరులో 1840లలో సివిల్ సర్జన్‌గా ఉన్న టి.సి. జెర్డాన్ ఒక పిట్టను శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. పసుపు గొంతు పిగిలి. జానెడు ఉంటుంది. దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. దానికి కావలసింది రాతి కొండ, బండల నడుమ పొదలు. ఉదయగిరి దుర్గం ఎక్కినవాళ్ళకు, ఆత్మకూరు నుంచి సోమశిల దారిన వెలిగొండలు చూసినవాళ్ళకు ఆ చోటు ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

ఆ పొదలకు ఈ పిట్టా విత్తనం చల్లుతుంది; కలివి పొదనే చూడండి. పండు నల్లబడగానే పిగిలిపిట్టలు గుటుక్కున మింగుతాయి. గింజ ఏ బండ వారనో రెట్టతో పడుతుంది. రాతి పగులులో చారెడు మన్నుంటే చాలు, వానకు మొలకెత్తుతుంది. మనిషి గునపంతో గొయ్యి తీయలేని చోట్లవి. కొండ మీద మేత మేసే పశువు, ఆ అడవి కర్రతో గరిటెలు చెక్కే ఉదయగిరి ఇల్లు, రెండూ ఈ విత్తే పనికి బాకీపడ్డవే.

అర టన్ను దాటే గిత్తకు మనం చేయవలసింది చేస్తున్నాం. కొండాపురం మండలం చింతలదేవిలో జాతీయ కామధేను కేంద్రం పెట్టాం, మంచిదే. ఇక్కడ మంద తగ్గినా సముద్రం అవతల ఆ జాతి ఉంది. పిగిలికి అవతలి ఒడ్డు లేదు. అంతరించే ముప్పున్న జీవుల అంతర్జాతీయ జాబితాలో అది ఇప్పటికే ఉంది. క్వారీ, వంటచెరకు నరుకుడు, వేసవి నిప్పు, ఈ మూడూ దాని ఇంటి మీదకే వస్తున్నాయి.

పశుగణనకు సిబ్బంది ఇంటింటికీ వచ్చి దూడతో సహా రాసుకుపోతారు. కొండ పిట్టలకూ ఓ లెక్క కావాలి. ఉదయగిరి, ఆత్మకూరు కాలేజీల్లో జువాలజీ చదివే పిల్లలను అటవీ శాఖ తెల్లవారుజామున వెంటబెట్టుకుని వెళ్ళాలి. ఏ కొండకైనా క్వారీ లీజు రాసే ముందు ఆ లెక్క ఫైలులో ఉండాలి. లెక్క లేని కొండకు సంతకం పెట్టకూడదు.