విల్లు మార్చే ముందు బాణాలు చూడాలి

విజయవాడలో విలువిద్య నేర్చుకునే పిల్లల ఇళ్లలో ఏడాదికోసారైనా ఒక చర్చ తప్పదు. కొరియా కంపెనీయో, అమెరికా కంపెనీయో కొత్త మోడల్ విల్లు విడుదల చేస్తుంది. ముందు ఫోనులో వీడియో వస్తుంది, తర్వాత పక్క పిల్లాడి చేతిలో అదే విల్లు కనిపిస్తుంది. ఇంక ఆ రాత్రి అన్నం దగ్గర మొదలు. "నా విల్లు నాలుగేళ్ల కిందటిది నాన్నా" అంటాడు కొడుకు. మర్నాడు సాయంత్రం తండ్రి మైదానానికి వచ్చి, "మార్చేద్దామంటారా సార్?" అని కోచ్‌ను అడుగుతాడు. మంచి కోచ్ అయితే అప్పుడే ఔననడు, కాదనడు. "వాడి బాణాలు ఓసారి తీసుకురమ్మనండి" అంటాడు. విల్లు గురించి అడిగితే బాణాల సంగతి ఎత్తుతాడేమిటని తండ్రికి చిరాకు వేస్తుంది. కానీ లక్షల ఖర్చు తప్పేదీ తప్పనిదీ తేలేది అక్కడే.

ఈ చర్చ ఈ ఊళ్లోనే ఇంత గట్టిగా జరగడానికి కారణముంది. చెరుకూరి లెనిన్ ఇక్కడ పిల్లలను చేరదీసి విలువిద్య నేర్పాడు. ప్రమాదంలో చనిపోయిన సోదరి వోల్గా పేరు మీద అకాడమీ నడిచింది. 2010లో లెనిన్ కూడా రోడ్డు ప్రమాదంలోనే పోయాడు.  ఆ ఏడాదే ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో కాంపౌండ్ (కప్పీల విల్లు) పురుషుల జట్టుకు వచ్చిన రజతంలో చిట్టిబొమ్మ జిజ్ఞాస్ చేయి ఉంది. లెనిన్ పోయినా ఊళ్లో ఆట పోలేదు. తర్వాత వెన్నం జ్యోతి సురేఖ వచ్చింది. బొమ్మదేవర ధీరజ్ వచ్చాడు. 2024 పారిస్ ఒలింపిక్స్ ర్యాంకింగ్ రౌండులో ధీరజ్ 681 పాయింట్లతో నాలుగో స్థానంలో నిలిచాడు. అంకితా భకత్‌తో కలిసి మిక్స్‌డ్ టీమ్ కాంస్యం కోసం ఆడి, అమెరికా జోడీ చేతిలో ఓడి నాలుగో స్థానంతో సరిపెట్టుకున్నాడు. ఒలింపిక్స్ విలువిద్యలో మన దేశం అంతవరకూ ఎప్పుడూ రాలేదు. ఇలాంటి కబురు వచ్చినప్పుడల్లా గుడివాడ నుంచో, పామర్రు నుంచో, తెనాలి నుంచో ఇంకో నలుగురు పిల్లలు బస్సెక్కుతారు. వాళ్ల వెనకే విల్లు ఖర్చూ ఎక్కుతుంది.

సురేఖ గెలిచిన తీరు చూస్తే తల్లిదండ్రుల ఆరాటంలో తప్పు లేదనే అనిపిస్తుంది. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఆమె మూడు బంగారు పతకాలు తెచ్చింది. ఓజస్ దేవ్‌తళేతో కలిసి కొరియా మీద గెలిచింది 159-158 తేడాతో. అదితి స్వామి, పర్నీత్ కౌర్‌లతో కలిసి చైనీస్ తైపీ మీద గెలిచింది 230-229 తేడాతో. రెండు బంగారాలూ ఒక్కో పాయింటు దూరంలోనే వచ్చాయి. కాంపౌండ్ పోటీలో గురి 50 మీటర్ల దూరాన ఉంటుంది. పది పాయింట్ల వలయం అడ్డంగా ఎనిమిది సెంటీమీటర్లే, అంటే అరచేతంత కూడా లేదు. వెంట్రుకవాసి తేడాతో పది తొమ్మిదవుతుంది. ఆ వెంట్రుకవాసి కొత్త విల్లుతో వస్తుందేమో అనే ఆశ దగ్గరే కంపెనీల వ్యాపారం.

అది రాదని కాదు. ఎక్కడిదాకా వస్తుందన్నదే ప్రశ్న. కాంపౌండ్ విల్లు వయసేమీ ఎక్కువ కాదు. అమెరికాలోని మిస్సోరికి చెందిన హాలెస్ విల్బర్ అలెన్ 1966లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు, 1969లో అది చేతికొచ్చింది. విల్లు కొసల్లో కప్పీలు బిగించడం అతని ఆలోచన. తాడు పూర్తిగా లాగాక బరువు చాలావరకు ఆ కప్పీల మీదికి పోతుంది. 60 పౌండ్ల విల్లు లాగి పట్టుకున్నవాడి చేతి మీద అప్పుడు పడేది పదిహేనో ఇరవయ్యో పౌండ్లే. తర్వాత ముప్ఫై, నలభై ఏళ్లలో ఆ కప్పీల ఆకారం చాలా మారింది. అందుకే ఇరవయ్యేళ్ల నాటి కాంపౌండ్ విల్లుకూ ఇప్పటిదానికీ తేడా నిజంగానే ఉంది, దాన్ని పట్టుకుని పోటీకి వెళ్లమనడం అన్యాయం. నాలుగేళ్ల నాటి విల్లుకూ ఈ ఏటి విల్లుకూ మధ్య సంగతి వేరు. అంతర్జాతీయ సమాఖ్య కాంపౌండ్ విల్లు లాగే బరువును 60 పౌండ్లకు, అంటే సుమారు 27 కిలోలకు కట్టేసింది. కంపెనీ ఎంత గింజుకున్నా ఆ గీత దాటలేదు.

గోల్ఫ్ ఆడేవాళ్లది కూడా ఇదే కథ. కొత్త క్లబ్ కొంటే బంతి ఇంకో పది గజాలు పోతుందని ఏటా ప్రకటన వస్తుంది. ఏటా పది గజాల చొప్పున నిజంగా పెరిగి ఉంటే ఇరవై ఏళ్లలో బంతి మైదానం దాటి పక్క ఊళ్లో పడాలి. ఆ ఆటకు నిబంధనలు రాసే సంస్థలు 2000ల మొదట్లోనే పెద్ద క్లబ్ తల పరిమాణాన్ని 460 ఘన సెంటీమీటర్ల దగ్గర ఆపేశాయి, దాని ముఖం బంతిని ఎగదన్నే శక్తికీ హద్దు పెట్టాయి. అప్పట్నుంచి తయారీదార్లు ప్రధానంగా సాధిస్తున్నది ఒక్కటే, సరిగ్గా మధ్యలో తగలని దెబ్బకు నష్టం తగ్గించడం. అక్కడ కూడా అనుభవజ్ఞులు చెప్పే మాట, కొత్త సెట్టు కొనేముందు ఉన్న క్లబ్బుల పొడవూ కోణమూ మనిషికి సరిపోయాయో లేదో కొలిపించుకోమని.

విలువిద్యలో ఇంతకంటే మంచి సాక్ష్యం బాణమే. 1996 అట్లాంటా ఒలింపిక్స్ నాటికి ఈస్టన్ కంపెనీ ఎక్స్10 అనే బాణం తెచ్చింది. లోపల సన్నని అల్యూమినియం గొట్టం, పైన కార్బన్ చుట్టు, మధ్యలో కాస్త ఉబ్బు, కొసల్లో సన్నం. గాలికి తక్కువ కొట్టుకుపోవాలని ఆ ఆకారం. దానికి తర్వాత కొత్త రకాలు చేరాయి కానీ మూల రూపం అదే. దాదాపు మూడు దశాబ్దాలు గడిచినా ఒలింపిక్స్‌లో 70 మీటర్ల గీత మీద నిలబడే వాళ్లలో ఎక్కువమంది అంబులపొదిలో ఉండేది అదే కుటుంబం బాణం. ప్రపంచంలో కెల్లా గట్టి విలుకాళ్లు ఇరవై ముప్ఫై ఏళ్ల నాటి నమూనాను వదలకపోతే, పదో తరగతి పిల్లాడికి నాలుగేళ్ల విల్లు పాతదైపోయిందని ఎలా అంటాం?

ఇప్పుడు కోచ్ బాణాలు ఎందుకు తెమ్మన్నాడో చూద్దాం. వదిలిన బాణం తిన్నగా పోదు. తాడు వెనకనుంచి తోసేసరికి వంగుతుంది, అటూ ఇటూ ఊగుతూ పోయి నిలకడ పడుతుంది. ఎంత వంగాలన్నది దాని బిరుసును బట్టి ఉంటుంది. విల్లు బరువు, బాణం పొడవు, ములుకు బరువు, ఈ మూడింటికీ ఆ బిరుసు కుదరాలి. పిల్లవాడు ఏడాదిలో మూడంగుళాలు పొడుగెదిగితే చేయి సాగుతుంది, తాడు ఇంకా వెనక్కి వస్తుంది, లాగే బరువు పెరుగుతుంది. నిరుడు అతికినట్టు సరిపోయిన బాణం ఇప్పుడు మెత్తనైపోతుంది. దీన్ని తేల్చడానికి మైదానంలో చవకైన పరీక్ష ఉంది. ఈకలున్న బాణాలు మూడు, ఈకలు పీకేసిన బాణం ఒకటి, ఒకే గురికి వేయిస్తారు. కుడిచేతి వాటం రికర్వ్ విలుకాడికి, అంటే కప్పీలు లేని విల్లు పట్టేవాడికి, ఈకలు లేనిది గుంపుకు ఎడమన గుచ్చుకుంటే బాణం బిరుసెక్కువ, కుడిన గుచ్చుకుంటే మెత్తన. నాలుగు బాణాలూ దగ్గర దగ్గరగా పడ్డాయంటే విల్లుకూ బాణానికీ పొత్తు కుదిరినట్టే. అప్పుడూ పాయింట్లు రాకపోతే తప్పు వేరే చోట వెతకాలి.

చాలాసార్లు ఆ వేరే చోటు భుజమే. పిల్లాడు మోయలేని బరువు విల్లు పట్టుకుని, లాగినప్పుడల్లా భుజం పైకెత్తి, మెడ వంచి, ముప్ఫయ్యో బాణానికి వణుకుతుంటాడు. వాడికి ఇంకా గట్టి కొత్త విల్లు కొనిపెట్టడమంటే దెబ్బ మీద దెబ్బ. 2015లో విజయవాడలో మూడేళ్లు కూడా నిండని ఒక చిన్నారి అయిదు, ఏడు మీటర్ల దూరాన గురిచూసి రికార్డు పుస్తకంలోకెక్కితే దేశమంతా వింతగా చెప్పుకుంది. ఆ చేతులు ఎత్తగలిగేలా తేలికైన బాణాలు ప్రత్యేకంగా చేయించారు. వయసుకూ ఒంటికీ తగ్గట్టు సరంజామా ఉండాలనడానికి అంతకంటే చిన్న ఉదాహరణ దొరకదు.

రికర్వ్ విల్లుకు ఇంకో సౌలభ్యం ఉంది, కొనేవాళ్లలో చాలామందికి దుకాణంవాడు చెప్పడు. విల్లు మొత్తం ఒక్క ముక్క కాదు. చేత్తో పట్టుకునే లోహపు నడుము రైజర్, పైనా కిందా వంగే రెండు రెక్కలు లింబ్స్. 1980లలో హోయ్ట్ కంపెనీ తెచ్చిన బిగింపు పద్ధతిని మిగతా కంపెనీలూ అందుకున్నాయి కాబట్టి ఒకరి రైజర్‌కు ఇంకొకరి లింబ్స్ పడతాయి. (అదే కంపెనీ తర్వాత ఫార్ములా అని వేరే బిగింపు కూడా తెచ్చింది. రెండూ కలవవు, సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ఇది చూసుకోవాలి.) మంచి రైజర్ ఒకటి ఉంటే ఏళ్ల తరబడి పనిచేస్తుంది. బలం పెరిగేకొద్దీ లింబ్స్ మాత్రం రెండు పౌండ్లో, నాలుగు పౌండ్లో పెంచుకుంటూ పోవచ్చు. ఎదిగే పిల్లలకు లింబ్స్ అంటే అన్నకు పొట్టయి తమ్ముడికి వచ్చే చొక్కా లాంటివి, ఒక్కరే అరిగేదాకా తొడుక్కోవాలన్న పట్టుదల పనికిరాదు.

మార్చక తప్పని సందర్భాలున్నాయి, అక్కడ పిసినారితనం ప్రమాదం. లింబ్ మెలి తిరిగినా, పొర లేచినా ఇంక దాన్ని ఎక్కుపెట్టకూడదు. దూది ఉండ ఒకటి తీసుకుని లింబ్ అంచు వెంబడి, బాణం వెంబడి మెల్లగా రాస్తే కంటికి కనపడని చీలిక దగ్గర పోగు పట్టుకుంటుంది. కార్బన్ బాణాన్ని రెండు చేతులా పట్టుకుని కొద్దిగా వంచి చెవి దగ్గర పెడితే, చీలినదైతే కిర్రుమంటుంది. అలాంటిది వదిలేటప్పుడు విరిగితే ముక్కలు దిగేది విల్లు పట్టుకున్న చేతిలోకే. తాడు పోగులు లేస్తే తాడు మార్చాలి, అది వందలతోనో కొద్ది వేలతోనో పోయే పని. మన ఎండల సంగతి కూడా చెప్పుకోవాలి. లింబ్ అంటే ఫైబర్‌గ్లాసు, కార్బన్, చెక్క లేదా ఫోము పొరలను జిగురుతో అతికించిన వస్తువు. మే నెల మధ్యాహ్నం అద్దాలు బిగించిన కారు డిక్కీలో దాన్ని వదిలేసి, సాయంత్రం "విల్లు పాడైంది, కొత్తది కావాలి" అంటే ఆ తప్పు విల్లు వయసుది కాదు.

ఆయుధం మార్చుకోవడం గురించి ఈ ఊరికి ఒక పాత కథ కూడా ఉంది. అర్జునుడు తపస్సు చేసి పాశుపతం సంపాదించింది ఇంద్రకీలాద్రి మీదేనని బెజవాడ నమ్మకం, విజయుడి పేరే ఊరికి వచ్చిందంటారు. అప్పటికే అతని దగ్గర గాండీవం ఉంది. ఉన్నా బోయవాడి వేషంలో వచ్చిన శివుడి ముందు అది పనిచేయలేదు. కొత్త అస్త్రం కావాల్సిందే అనేవాళ్లకు ఇది బలమైన వాదనే. అయితే మహాభారతం మౌసల పర్వం దాకా చదవాలి. అర్జునుడు యాదవ స్త్రీలను వెంటబెట్టుకుని వస్తుంటే దొంగలు మీద పడ్డారు. చేతిలో ఉన్నది ఆ గాండీవమే. ఎక్కుపెట్టడమే కష్టమైపోయింది, అస్త్రాలు గుర్తుకు రాలేదు, అమ్ములపొదిలో బాణాలు అయిపోయాయి. చివరికి వింటి కొసతో కొట్టాల్సి వచ్చింది. విల్లు మారలేదు, మారింది మనిషి.

2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ పోటీని తొలిసారి చేర్చారు. విజయవాడకు ఇది పండగ కబురే. సురేఖ 2025 అక్టోబరులో ప్రపంచ కప్ ఫైనల్‌లో 15 బాణాలకు 15 పదులు వేసి కాంస్యం గెలిచాక కాంపౌండ్ మోజు ఇంకా పెరుగుతుంది. ఈ ఊపులో రికర్వ్ వదిలేసి కాంపౌండ్‌కు మారిపోదామనే కుటుంబాలూ ఉంటాయి. రెండూ వేరు ఆటలు. పిల్లాడి శరీరాన్నీ ఇష్టాన్నీ చూసి కోచ్ చెప్పాల్సిన మాట అది. ఒలింపిక్ జాబితా చూసి ఇంట్లో తేల్చేసేది కాదు.

డబ్బు సంగతి దాచి లాభం లేదు. పోటీ స్థాయి సెట్టు రెండు లక్షలు దాటడం మామూలే, మేలిరకం బాణాలు డజను కొంటే పదుల వేలు. రెండెకరాల కౌలు రైతు కుటుంబానికి ఇది చిన్న మొత్తం కాదు. అందుకే కొత్తదానికి డబ్బు కట్టేముందు ఒక పని చేయించాలి. అరువు తెచ్చిన కొత్త విల్లుతో ముప్ఫై ఆరు బాణాలు, తన పాత విల్లుతో ముప్ఫై ఆరు, ఒకే రోజు, ఒకే గాలిలో, రెంటినీ సరిగ్గా అమర్చాక. ఒక్క రోజు కాదు, కొన్ని వారాలు. తొలిరోజుల ఉత్సాహానికే నాలుగు పాయింట్లు పెరుగుతాయి, వాటిని లెక్కలోంచి తీసేయాలి. అప్పటికీ తేడా నిలబడితే కొనండి, అదీ పోటీలకు కనీసం రెండు నెలల ముందు.

ఇక అకాడమీలూ, జిల్లా ఆర్చరీ సంఘాలూ, రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థా కలిసి చేయగలిగిన పని ఒకటుంది. ఇరవై పౌండ్ల నుంచి నలభై దాకా లింబ్స్, రకరకాల బిరుసుల బాణాలు ఒక్కచోట ఉంచి, పిల్లలకు ఆరు నెలల కోసం ఇచ్చి, ఎదిగాక తిరిగి తీసుకుని ఇంకొకరికి ఇచ్చే ఏర్పాటు. ఒక బీరువా, ఒక రిజిస్టరు, బాధ్యత తీసుకునే మనిషి ఒకరు ఉంటే చాలు. మీ ఇంట్లో అటక మీద పిల్లలు వదిలేసిన పాత లింబ్స్ గనక ఉంటే, పొర లేవలేదని చూసుకుని ఈ వారమే దగ్గరలోని అకాడమీకి ఇచ్చిరండి.