తెర వెలిగితే చాలదు - గురువు చేయి తిరగాలి

(ప్రత్యేక వ్యాసం)

ప్రభుత్వ పాఠశాలల తరగతి గదుల్లో నల్లబల్ల సరసన డిజిటల్ తెర వచ్చి చేరడం గడచిన దశాబ్ద కాలంలో ఉభయ తెలుగు రాష్ట్రాలలోనూ చోటుచేసుకున్న ముఖ్య పరిణామం. తెలంగాణలో 2016 నవంబరులో ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో డిజిటల్ తరగతులకు శ్రీకారం చుట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరు 21న ఎనిమిదో తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌ల పంపిణీ ప్రారంభమైంది. వీటిలో 59 వేలకు పైగా ఉపాధ్యాయులకు ఉద్దేశించినవే. మరుసటి సంవత్సరం 'నాడు-నేడు' మొదటి దశలో అభివృద్ధిపరచిన పాఠశాలల్లో ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెళ్లను అమర్చిన సంగతి విదితమే.

పరికరాల సంఖ్య, వాటికైన వ్యయం పత్రికలలో విరివిగా వచ్చాయి. అయితే ఇరవై, ముప్పై ఏళ్లుగా సుద్దముక్కతో పాఠం చెప్పిన ఉపాధ్యాయుడు ఆ తెరను ఎలా నేర్చుకుంటున్నాడు, ఎవరి వద్ద నేర్చుకుంటున్నాడు, అందుకు ఆయనకు దొరికే సమయమెంత అన్న విషయాలు అంతగా చర్చకు రాలేదు. పరికరంపై వెచ్చించిన ప్రజాధనం సద్వినియోగమా, దుర్వినియోగమా అన్నది ఈ ప్రశ్నలకు లభించే సమాధానం మీదనే ఆధారపడి ఉంది.

యాభై ఏళ్ల అనుభవం

తరగతి గదికి సాంకేతిక పరిజ్ఞానాన్ని చేర్చే యత్నం మనకు కొత్త కాదు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు సాగిన ఉపగ్రహ బోధన టెలివిజన్ ప్రయోగం (సైట్) ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు చేరింది. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అందులో బాలలకు పాఠాలతోపాటు ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణ కూడా ఇచ్చారన్నది గమనార్హం. అనంతరం 1984-85లో కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' ప్రాజెక్టు ద్వారా బీబీసీ మైక్రో కంప్యూటర్లను ఎంపిక చేసిన పాఠశాలలకు అందజేసింది. 2004 సెప్టెంబరు 20న విద్యకోసమే రూపొందిన 'ఎడ్యుశాట్' ఉపగ్రహం కక్ష్యలోకి చేరింది. అదే సంవత్సరం డిసెంబరులో పాఠశాలల్లో సమాచార, ప్రసార సాంకేతికతల పథకం మొదలైంది.

ఈ పథకం కింద 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 5 వేల ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్ గదులు ఏర్పాటయ్యాయి. యంత్రాలను, బోధకులను ఐదేళ్ల ఒప్పందంపై ప్రైవేటు సంస్థలు సమకూర్చాయి. గ్రామీణ విద్యార్థులు కంప్యూటరును తొలిసారి తాకి చూసినది ఆ గదులలోనే. కానీ కంప్యూటరు కోసం వేరే గది, వేరే బోధకుడు ఉండటంతో గణితం, సాంఘికశాస్త్రం, తెలుగు బోధించే ఉపాధ్యాయులు చాలాచోట్ల ఆ గది గడప దాటి లోపలికి వెళ్లవలసిన అవసరమే రాలేదు. ఒప్పంద కాలం ముగిసి బోధకులు వెళ్లిపోయాక యంత్రాలను వినియోగంలో ఉంచే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న తలెత్తింది. శిక్షణ పొందిన వ్యక్తి పాఠశాల సిబ్బందిలో ఒకరు కాకపోతే నైపుణ్యం కూడా ఆ వ్యక్తితోపాటే వెళ్లిపోతుందన్నది నాటి అనుభవం నేర్పిన పాఠం.

యంత్రం ఒంటరిగా ఏమి సాధించగలదు?

దక్షిణ అమెరికాలోని పెరూ దేశం 'ప్రతి విద్యార్థికి ఒక ల్యాప్‌టాప్' కార్యక్రమాన్ని భారీ ఎత్తున చేపట్టింది. ఆ దేశపు గ్రామీణ ప్రాంతాల్లోని 319 ప్రాథమిక పాఠశాలలను పరిశీలించిన అధ్యయనం 2012లో వెలువడింది. కంప్యూటర్ల లభ్యత, వాడకం ఎన్నో రెట్లు పెరిగినప్పటికీ గణితంలోనూ, భాషలోనూ విద్యార్థుల పరీక్షా ఫలితాలు మెరుగుపడినట్లు ఆధారాలు కనిపించలేదని ఆ అధ్యయనం తేల్చింది. యంత్రం ఉన్నంత మాత్రాన దానంతటదే చదువు రాదని ఇంత స్పష్టంగా చెప్పిన ఉదాహరణలు అరుదు.

ఇదే విషయాన్ని సిద్ధాంత రీత్యా వివరించినవారు అమెరికాలోని మిచిగన్ స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన పున్య మిశ్రా, మాథ్యూ కోహ్లర్. వారు 2006లో ప్రతిపాదించిన నమూనా ప్రకారం ఉపాధ్యాయునికి మూడు విధాల జ్ఞానం అవసరం: విషయ జ్ఞానం, బోధనా జ్ఞానం, సాంకేతిక జ్ఞానం. ఈ మూడూ విడివిడిగా ఉంటే చాలదు. ఏ పాఠంలోని ఏ భావన విద్యార్థికి కష్టమో, దానిని తొలగించడానికి ఏ పరికరం ఏ మేరకు పనికివస్తుందో ఒకేసారి ఆలోచించగలగాలి. తెరను ఆన్ చేయడం, ఆఫ్ చేయడం, వీడియో తెరవడం నేర్పి పంపించే శిక్షణ ఈ మూడింటిలో చివరిదానిని మాత్రమే, అదీ కొంతమేరకే స్పృశిస్తుంది.

ఒక తరగతి గదిలో

ఈ వ్యాసరచన సందర్భంగా ఒక మండల కేంద్రంలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలను సందర్శించడం జరిగింది. అక్కడి గణిత ఉపాధ్యాయుడు యాభై ఏళ్లు పైబడినవారు. తరగతిలో తెర అమర్చిన తొలి నెలల్లో తాను దానిని టీవీ మాదిరిగానే వాడానని ఆయన దాపరికం లేకుండా చెప్పారు. వీడియో పాఠం వేయడం, పిల్లలు నిశ్శబ్దంగా చూడటం, "అర్థమైందా?" అంటే "అయింది సార్" అని ముక్తకంఠంతో అనడం, పరీక్షలో మాత్రం పాత తప్పులే పునరావృతం కావడం - ఇదీ వరస.

తెర మీద వేలు పెట్టడానికి ఆయన జంకడానికి కారణం మరొకటి ఉంది. పిల్లల ముందు తప్పు నొక్కితే నవ్వులపాలవుతానన్న భయం. స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో పరిచయమైన పొరుగు పాఠశాల యువ ఉపాధ్యాయురాలు ఆయనకు జియోజెబ్రా అనే ఉచిత గణిత సాఫ్ట్‌వేర్‌ను చూపారు. సాయంత్రం గంట కొట్టాక తలుపు దగ్గరగా వేసుకుని కొన్ని వారాలపాటు సాధన చేశానని ఆయన తెలిపారు.

మేము చూసినది ఏడో తరగతి త్రిభుజాల పాఠం. ఆయన వెంటనే తెర జోలికి పోలేదు. నల్లబల్లపై ఒక చిన్న త్రిభుజం, ఒక పెద్ద త్రిభుజం గీసి, "దేనిలో కోణాల మొత్తం ఎక్కువ?" అని అడిగారు. "పెద్దదాంట్లోనే కదా సార్" అని వెనుక వరుసలోని ఒక బాలిక అనగా, తరగతిలో చాలామంది తలలూపారు. ప్రతి ఒక్కరి చేత జవాబు నోటు పుస్తకంలో రాయించిన తర్వాతనే ఆయన తెర వెలిగించి, త్రిభుజం శీర్షాన్ని వేలితో లాగవలసిందిగా ఆ బాలికనే పిలిచారు. త్రిభుజం సాగింది, కుంచించుకుపోయింది, పక్కకు ఒరిగింది. మొత్తం మాత్రం 180 డిగ్రీల వద్దే నిలిచింది. ఒక సందర్భంలో విడి కోణాలను కూడితే 181 వచ్చింది. తెరపై దశాంశాలు లేకుండా పూర్ణాంకాలు మాత్రమే కనిపించడం వల్ల ఆ తేడా వచ్చిందని ఆయన విడమరచి చెప్పారు. యంత్రం చూపే అంకెను కూడా ప్రశ్నించవచ్చునన్న పాఠం పిల్లలకు అదనంగా దక్కింది.

ఇంతలో విద్యుత్తు సరఫరా నిలిచిపోయింది. పాఠం మాత్రం ఆగలేదు. కాగితంతో త్రిభుజాలు కత్తిరించి, మూడు మూలలను చింపి ఒక సరళరేఖ మీద పక్కపక్కన పేర్చమన్నారు. ఎన్ని త్రిభుజాలను కొలిచినా అది నిరూపణ కాదని చెప్పి, శీర్షం గుండా భూమికి సమాంతర రేఖ గీసి నిరూపణను నల్లబల్ల మీదనే పూర్తి చేశారు. ముందుగా ప్రశ్న, తర్వాత ఊహ, ఆపైన తెర, చివరకు తర్కం - ఈ క్రమాన్ని ఏ యంత్రమూ నేర్పలేదు. అది ఆయన పాతికేళ్ల బోధనానుభవం. కొత్త పరికరం ఆ అనుభవానికి పదును పెట్టిందంతే. వయసు మీరిన ఉపాధ్యాయులు సాంకేతికతకు పనికిరారన్న అభిప్రాయం ఎంత తొందరపాటో ఈ ఒక్క పీరియడు చాటుతోంది.

శిక్షణ స్వరూపం

జాతీయ స్థాయిలో ఉపాధ్యాయ శిక్షణకు వేదికలు లేకపోలేదు. 2017 సెప్టెంబరు 5న నాటి ఉపరాష్ట్రపతి శ్రీ ఎం. వెంకయ్య నాయుడు 'దీక్ష' వేదికను ప్రారంభించారు. 2019 ఆగస్టు 21న సుమారు 42 లక్షల మంది ఉపాధ్యాయులు లక్ష్యంగా 'నిష్ఠ' కార్యక్రమం మొదలైంది. కొవిడ్ మూలంగా ముఖాముఖి శిక్షణ సాధ్యం కాని తరుణంలో, దేశంలోనే తొలి ఆన్‌లైన్ 'నిష్ఠ' శిక్షణ 2020 జూలై 16న ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 1,200 మంది కీలక రిసోర్స్ పర్సన్లతో ప్రారంభమైంది. అదే సంవత్సరం సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్ల ద్వారా డిజిటల్ పాఠాలు ప్రసారమయ్యాయి. జాతీయ విద్యా విధానం-2020 ప్రతి ఉపాధ్యాయుడు ఏటా కనీసం 50 గంటల వృత్తిపరమైన అభివృద్ధి కార్యక్రమాల్లో పాల్గొనాలని సూచించింది.

అయితే రాష్ట్రస్థాయిలో నేర్చినవారు జిల్లాకు, జిల్లావారు మండలానికి, మండలంవారు పాఠశాలకు చేరవేసే అంచెల పద్ధతిలో సారం అంచె అంచెకూ పలుచబడుతుంది. చివరి అంచెలోని ఉపాధ్యాయునికి తరచుగా చేతికందేది స్లైడ్ల కట్ట. తన చేతులతో సాధన చేసే అవకాశం స్వల్పం. ఆన్‌లైన్ కోర్సు పూర్తి చేసినట్లు ధ్రువపత్రం వచ్చినంత మాత్రాన తరగతిలో బోధన మారిందని భావించలేము.

ఈ విషయంలో కేరళ అనుభవం పరిశీలించదగినది. 2001లో ఆరంభమైన 'ఐటీ ఎట్ స్కూల్' ప్రాజెక్టులో బయటి బోధకులకు బదులు పాఠశాల ఉపాధ్యాయులకే శిక్షణ ఇచ్చి, వారిలో నుంచే మాస్టర్ ట్రైనర్లను తీర్చిదిద్దారు. 2017లో ఆ ప్రాజెక్టు 'కైట్' సంస్థగా రూపుదాల్చింది. 2024 మే నెలలో 80 వేల మంది ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులకు కృత్రిమ మేధపై శిక్షణ చేపట్టగలగడానికి రెండు దశాబ్దాలుగా వేసుకున్న ఈ పునాదియే కారణం.

చిన్నవిగా కనిపించే పెద్ద సమస్యలు

క్షేత్రస్థాయిలో ఉపాధ్యాయులు ప్రస్తావించే ఇబ్బందులు పైకి స్వల్పంగా తోస్తాయి. ఏళ్ల తరబడి పాత డీటీపీ అక్షరాలలో టైపు చేయించి దాచుకున్న తెలుగు ప్రశ్నపత్రాలను తెర మీద తెరిస్తే అర్థం కాని గుర్తులు ప్రత్యక్షమవుతాయి. యూనికోడ్‌లో తెలుగు రాయడం నేర్పితే ఈ చిక్కు తీరుతుంది. ఫోనులో తెలుగు సందేశాలు పంపే ఉపాధ్యాయునికి ఇది కష్టమేమీ కాదు. నెట్ సదుపాయం నిలకడగా లేనిచోట పాఠాన్ని ముందురోజే పెన్‌డ్రైవ్‌లోకి దించుకోవడం మరొక అలవాటు. చెడిపోయిన పరికరం గురించి ఎవరికి తెలియజేయాలో తెలియక ఊరకుండిపోవడం మూడవది. వీటికి పెద్ద నిధులు అక్కరలేదు. దగ్గరుండి చూపే సహోపాధ్యాయుడు, కొద్దిపాటి తీరిక సమయం ఉంటే చాలు. రికార్డులు, యాప్‌లలో హాజరు నమోదు వంటి పనుల మధ్య ఆ తీరికయే కరువవుతున్నదని ఉపాధ్యాయుల ఆవేదన.

ఏమి లెక్కించాలి?

ప్రపంచ దేశాలలో దాదాపు సగం మాత్రమే ఉపాధ్యాయుల సాంకేతిక నైపుణ్యాలకు ప్రమాణాలు నిర్దేశించుకున్నాయని యునెస్కో 2023 విద్యా పర్యవేక్షణ నివేదిక పేర్కొంది. ప్రమాణమంటూ లేనప్పుడు లెక్కకు సులువుగా దొరికేవి పరికరాలే. కనుక అధికారులు పాఠశాల తనిఖీలో "ప్యానెల్ పనిచేస్తున్నదా?" అన్న ప్రశ్నతో ఆగిపోకుండా, "నిన్న ఏ భావన బోధించడానికి దీనిని వాడారు, పిల్లలు వేసిన ప్రశ్న ఏమిటి?" అని అడగడం ప్రయోజనకరం. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలలో ప్రసంగాలకు బదులు ఒక్కో ఉపాధ్యాయుడు ఒక పాఠాన్ని తెరపై బోధించి చూపి, తోటివారి సూచనలు స్వీకరించే ఏర్పాటు చేయవచ్చు. పాత్రికేయ మిత్రులు సైతం ప్రారంభోత్సవం నాటి ఛాయాచిత్రంతో సరిపెట్టక, ఆరు నెలల తర్వాత అదే గదికి వెళ్లి ఒక పీరియడు కూర్చుంటే వార్తకు నిండుదనం వస్తుంది.

నగరంలోని సంపన్న కుటుంబాల పిల్లలకు ఇంట్లో తెరలకు కొదవ లేదు, చెప్పేవారికీ కొదవ లేదు. కూలి పనికి వెళ్లే తల్లిదండ్రుల బిడ్డకు మాత్రం ఆ తెరను జ్ఞానంగా మార్చి ఇవ్వగల వ్యక్తి తరగతిలోని ఉపాధ్యాయుడొక్కరే. ఆ ఉపాధ్యాయుడు మళ్లీ విద్యార్థి అయి, తప్పులు చేస్తూ నేర్చుకోవడానికి సమయాన్ని, గౌరవాన్ని, తోడును కల్పించవలసిన బాధ్యత వ్యవస్థది. అప్పుడే గోడ మీది తెరకు వెచ్చించిన ప్రతి రూపాయికీ సార్థకత చేకూరుతుంది.