ఎండుతున్న కొండ ఊటలు

హిమాలయాల ప్రస్తావన రాగానే పాలకులకైనా, ప్రజలకైనా ముందుగా స్ఫురించేది మంచు. కరిగిపోతున్న హిమానీనదాలపై అంతర్జాతీయ వేదికల మీద ఆందోళన వ్యక్తమవుతోంది. ఐక్యరాజ్య సమితి 2025ను హిమానీనదాల పరిరక్షణ సంవత్సరంగా పాటించింది. ఆ ఆందోళన సహేతుకమే. భూతాపాన్ని 1.5 డిగ్రీలకు కట్టడి చేయగలిగినా ఈ శతాబ్దాంతానికి హిందూకుష్-హిమాలయ హిమానీనదాలలో మూడోవంతు హరించుకుపోక తప్పదని కఠ్మాండూలోని అంతర్జాతీయ సమీకృత పర్వతాభివృద్ధి కేంద్రం 2019లోనే హెచ్చరించింది. అయితే, కొండ మీద కాపురముంటున్న సామాన్య గృహిణి బిందె నింపేది సాధారణంగా హిమానీనదం కాదు. ఊరికి ఎగువన వాలులో ఉబికే చిన్న ఊట. ఆ ఊట ఎవరి కంటా పడకుండానే ఎండిపోతోంది.

నీతి ఆయోగ్ 2018లో వెలువరించిన నివేదిక ప్రకారం దేశంలో దాదాపు 50 లక్షల ఊటలున్నాయి. వాటిలో సుమారు 30 లక్షలు ఒక్క హిమాలయ ప్రాంతంలోనివే. దేశం మొత్తం మీద 20 కోట్ల మందికి పైగా ఊటలపై ఆధారపడి ఉన్నారు. హిమాలయాలలో ఏడాది పొడవునా పారే ఊటల్లో దాదాపు సగం ఎండిపోవడమో, వర్షాకాలానికే పరిమితం కావడమో జరిగిందని ఆ నివేదిక పేర్కొంది. ఇది హఠాత్తుగా వచ్చిపడిన ఉపద్రవం కాదు. కుమావూ ప్రాంతంలోని గౌలా నదీ పరీవాహకంలో ఊటల ప్రవాహం 25 నుంచి 75 శాతం మేరకు క్షీణించిందని ప్రఖ్యాత భూగర్భ శాస్త్రవేత్త ఖడ్గ్ సింగ్ వల్దియా, ఆయన సహ పరిశోధకుడు 1989లోనే వెల్లడించారు. ఆ హెచ్చరికను పట్టించుకుని ఉంటే పరిస్థితి ఇంతదాకా వచ్చేది కాదు.

కొండల్లో నీటి లెక్క మైదానాల లెక్కకు భిన్నం. మధ్య, తూర్పు హిమాలయాలలో ఏటా కురిసే వానలో అత్యధిక భాగం నైరుతి రుతుపవనాల నాలుగు నెలల్లోనే పడుతుంది. నిట్టనిలువు వాలుపై పడిన నీరు క్షణం నిలవదు. దానిని పట్టి నిలిపేది ఆకులు కుళ్లి ఏర్పడిన మెత్తని నేల. నేలలోకి ఇంకిన నీరు రాతి పగుళ్లలో చేరి, వేసవి దాకా కొద్దికొద్దిగా ఊటలై బయటికి వస్తుంది. ఉత్తరాఖండ్ ప్రజలు నౌలాలనీ, ధారలనీ పిలుచుకునే ఆ జలాలే ఊళ్లకు ఆధారం. అల్మోడా సమీపాన పారే కోసి, నైనిటాల్ జిల్లాలోని గౌలా, పశ్చిమ రామగంగ వంటి నదులకు హిమానీనదాలతో సంబంధమే లేదు. వేసవిలో వాటికి ప్రాణం పోసేది ఊటలే.

ఈ బంధంలో అడవి పాత్ర కీలకమైనది. ఓక్ జాతికి చెందిన బాంజ్ వృక్షాల కింద దట్టమైన ఆకుమన్ను ఏర్పడి తేమను పట్టి ఉంచుతుంది. చీర్ పైన్ చెట్ల సూదుల వంటి ఆకులు జిగురుతో నిండి, త్వరగా కుళ్లక, ఎండగానే నిప్పంటుకుంటాయి. రైలు పట్టాల స్లీపర్ల కోసం, జిగురు కోసం బ్రిటిష్ పాలకులు పైన్‌ను ప్రోత్సహించారు. పశుగ్రాసానికీ, వంటచెరకుకూ నరకగా మిగిలిన బాంజ్ అడవులు నానాటికీ కుంచించుకుపోయాయి. పర్యవసానం కళ్లెదుటే ఉంది. 2024 ఏప్రిల్‌లో నైనిటాల్ పరిసర అడవులు తగులబడినప్పుడు భీంతాల్ సరస్సు నీటిని వాయుసేన హెలికాప్టర్లు తోడి మంటలపై కుమ్మరించవలసి వచ్చింది. కార్చిచ్చు చెట్లనే కాదు, నీటిని ఇంకించే మెత్తని నేలను కూడా కాల్చివేస్తుంది.

అలాగని మొక్కలు నాటితే చాలు, నీరు వచ్చేస్తుందని భావించడం అమాయకత్వం. చెట్లు కూడా నీరు తాగుతాయి. వేగంగా పెరిగే జాతులను కిక్కిరిసి నాటితే ఊట పెరగడానికి బదులు తగ్గే ప్రమాదమూ ఉంది. పైగా, ఊటకు నీరందించే చోటు దాని పైవాలులోనే ఉండాలన్న నియమం లేదు. రాతి పొరల వాలును బట్టి శిఖరానికి ఆవలి వైపున సైతం ఉండవచ్చు. ఏ చెట్టు, ఏ నేలలో, ఏ రాతిపై అన్న విచక్షణ లేకుండా నాటిన మొక్కల సంఖ్యనే ఘనతగా చాటుకునే ప్రభుత్వాలు ఈ వాస్తవాన్ని విస్మరిస్తున్నాయి.

మారుతున్న వాతావరణం ఈ సమస్యను మరింత జటిలం చేస్తోంది. శీతాకాలపు మంచు నిదానంగా కరిగి నేలలోకి ఇంకుతుంది. మంచు కురవవలసిన చోట వాన కురిసినా, వారాలపాటు పడవలసిన వాన గంటల్లో కుండపోతగా పడినా నీరు ఇంకక కొండచరియలను వెంటబెట్టుకుని కిందికి దూకుతుంది. వర్షాకాలంలో వరద, వేసవిలో దాహం అనేవి రెండు వేర్వేరు విపత్తులు కావు. నిలుపుకొనే శక్తిని కోల్పోయిన కొండకు అవి రెండు ముఖాలు.

అభివృద్ధి పేరిట సాగే నిర్మాణాలు ఈ గాయాన్ని మరింత పెద్దవి చేస్తున్నాయి. 2009 డిసెంబరులో జోషీమఠ్ సమీపాన జలవిద్యుత్ సొరంగాన్ని తొలుస్తున్న యంత్రం భూగర్భ జలపొరను ఛేదించగా సెకనుకు సుమారు 700 లీటర్ల నీరు వెలికి వచ్చిందని శాస్త్రజ్ఞులు నమోదు చేశారు. యుగాలుగా కొండ కడుపులో దాగిన జలం అది. ఆ అనుభవం ఉన్నప్పటికీ, సరిహద్దుకు 100 కిలోమీటర్ల లోపున చేపట్టే వ్యూహాత్మక రహదారుల వంటి నిర్మాణాలకు 2023లో చేసిన అటవీ చట్ట సవరణ మినహాయింపునిచ్చింది. దేశరక్షణ అవసరాలను ఎవరూ కాదనరు. కానీ తవ్వకానికి ముందు ఆ కొండలోని జలమార్గాలను గుర్తించడం రక్షణకు అడ్డంకి కాజాలదు.

మార్గాంతరం లేకపోలేదు. సిక్కిం ప్రభుత్వం 2008లో ధారా వికాస్ కార్యక్రమాన్ని చేపట్టింది. ఊటకు నీరందించే వాలును భూగర్భ పరిజ్ఞానంతో గుర్తించి, అక్కడ కందకాలు, చిన్న కుంటలు తవ్వించి, గ్రామీణ ఉపాధి హామీ నిధులను వినియోగించి అనేక ఊటలకు తిరిగి జీవం పోసింది. కందకాన్ని తవ్వినవారూ, ఊటను కాపాడుకునేవారూ ఆ ఊరివారే కావడం ఇందులోని విశేషం. ఉత్తరాఖండ్‌లోనూ అటువంటి పునాది ఉంది. 1931 నుంచి చట్టబద్ధంగా కొనసాగుతున్న వన పంచాయతీలు అక్కడ పదకొండు వేలకు పైబడి ఉన్నాయి. అటవీశాఖ ఆజ్ఞలకు తలవంచే స్థితి నుంచి వాటిని తప్పించి, నిధులూ నిర్ణయాధికారమూ అప్పగిస్తే అడవితోపాటు ఊట కూడా నిలుస్తుంది.

2019లో ప్రారంభమైన జల్ జీవన్ మిషన్ కింద కొండ పల్లెలకు కొళాయిలు అమర్చారు. కానీ కొళాయికి మూలం ఊటే. మూలం ఎండితే మిగిలేది ఇనుప గొట్టమే. కనుక ఎన్ని కొళాయిలు బిగించారు, ఎన్ని మొక్కలు నాటారు అన్న లెక్కలతో తృప్తి పడకుండా, మండు వేసవిలో ఏ ఊట నిమిషానికి ఎన్ని లీటర్లు ఇస్తోందో ఏటా కొలిచి ప్రజల ముందుంచాలి. కొండ ప్రాంతాల పాలనకు అదే అసలైన గీటురాయి కావాలి. ఊట గెడ్డల నీటిపై బతికే తూర్పు కనుమల గిరిజన గూడేలకూ ఈ సూత్రం వర్తిస్తుంది. ఊట ఎండిన ఊరు తొలుత ఆడవారి వెన్ను విరుస్తుంది, పిదప యువకులను మైదానాలకు తరిమివేస్తుంది, చివరికి తలుపులకు తాళాలు మిగులుస్తుంది. ఆ దశ వచ్చాక కోట్లు వెచ్చించినా ప్రయోజనముండదు. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు ఇకనైనా మేల్కొనాలి.