ఇల్లు కడుతుంటే బడి ఎవరు మానాలి?



పోయిన నెల ఇదే గోడ మీద చాలామంది "మా కొత్త ఇల్లు" అని బొమ్మలు వేసేరు. బొమ్మలో ఇల్లు గులాబీ రంగు, ముందు కొబ్బరిచెట్టు. (మా కొండ మీద కొబ్బరిచెట్లు లేవు, అయినా వేసేరు.) నేను రాసేది ఇల్లు అయిపోయినాక సంగతి కాదు. ఇల్లు విప్పి కడుతుండగా అందులోనే బతికే సంగతి. దసరా సెలవుల తరవాత హాస్టల్‌కి ఆలస్యంగా వచ్చిన వాళ్ళని అడిగితే చాలామంది ఇంటి పని అనే చెప్పేరు. అందులో నేను కూడా ఉన్నాను, 4 రోజులు ఆలస్యం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఉంటున్న ఇంటిని మళ్ళీ కట్టేటప్పుడు ఆ కష్టం ఇంట్లో అందరూ పంచుకోవాలి. ఆడపిల్లని బడి మానిపించి ఆమె నెత్తిన పెట్టకూడదు.

మేము కొండరెడ్లం. మా ఊరు మారేడుమిల్లి కొండల్లో ఉన్నది. 2023 నవంబరు 15న మొదలయిన పీఎం జన్‌మన్ పథకంలో మాలాంటి ఆదిమ తెగల కుటుంబాలకు పక్కా ఇంటి కోసం 2 లక్షల రూపాయలు అని పెట్టేరు. వంట చోటు కలిపి ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లు ఉండాలి. డబ్బు అంతా ఒక్కసారి రాదు. పునాది అయితే కొంత, గోడలు లేస్తే కొంత, స్లాబు పడితే కొంత. ఒక్కొక్క దశకి ఫోనుతో ఫొటో తీస్తారు. అది పద్ధతి. కావున పని ఆగి ఆగి జరుగుతుంది, నెలలు పడుతుంది. కింద ఊళ్ళలో వాళ్ళు అయితే అద్దె ఇంట్లోకి మారతారంట. మా ఊళ్ళో అద్దె ఇల్లు అనే మాటే లేదు. వాలు కొండ మీద చదునుగా ఉన్న జాగా అంటే పాత ఇల్లు ఉన్న జాగాయే. అందుకని ముందు సగం విప్పేసి అక్కడ గోడలు లేపేరు. వెనక వంటసాల సగంలో మేము ఆరుగురం ఉన్నాం.

ఆ సగంలో కూడా పొడిగా ఉన్న మూల సిమెంటు బస్తాలకి ఇచ్చేరు. సిమెంటు చెమ్మ తగిలితే రాయి అయిపోతుంది, అందుకని కింద కర్రలు పరిచి పైన గోనెలు కప్పేరు. మాకు బరకం. రాత్రి వాన పడితే బరకం మధ్యలో నీళ్ళు నిలిచి పొట్టలా దిగేది, మామ్మ కర్రతో పైకి పొడిచేది. పొయ్యి పక్కనే ఇసక, అన్నంలో ఇసక. తమ్ముడికి దగ్గు. పొయ్యి మీద ఉన్న అటక కూడా తీసేసేరు. ఆ అటక మీద సామలు, జొన్నలు, కందులు విత్తనానికి ఉంటాయి, పొయ్యి పొగకి పురుగు పట్టదు. ఇప్పుడు విత్తనాలు పెదనాన్న ఇంటి అటక మీద ఉన్నాయి. మామ్మ రోజూ పోయి చూసుకుని వస్తది, పెద్దమ్మకి అది నచ్చదు.

ఇంకొక సంగతి. స్నానానికి ఉన్న దడి పీకేసి అక్కడ ఇసక పోసేరు. పగలంతా మేస్త్రీలు, కూలీలు ఉంటారు. అమ్మ, పిన్ని, నేను తెల్లారకముందే చీకట్లో వాగుకి పోయి స్నానం చేసి వచ్చేవాళ్ళం. నెలసరి రోజుల్లో ఎంత ఇబ్బందో ఆడపిల్లల హాస్టల్లో విడమరిచి చెప్పనక్కర్లేదు. ఇసక ఇంకో చోట కూడా పొయ్యొచ్చు. అది ఎవరికీ తోచలేదు, ఎందుకంటే దడి ఎవరికి కావాలో వాళ్ళని అడగలేదు.

పాత ఇల్లు మాత్రం బాగు చెయ్యలేదా అని మీరు అడగొచ్చు. చేసేవాళ్ళు. గడ్డి కుళ్ళితే మళ్ళీ కొత్త గడ్డి కోసి, వానలకి ముందు కప్పు నేసేవాళ్ళు. తడికలకి మట్టి మెత్తి పేడతో అలికేవాళ్ళం. కప్పు నేసే రోజు ఊరంతా వస్తది. మగవాళ్ళు పైన, ఆడవాళ్ళు కింద గడ్డి అందిస్తారు. సాయంత్రానికి అయిపోతది. పని చేసినోళ్ళకి అన్నం, జీలుగు కల్లు. (వార్డెన్ మేడమ్ గారూ, నేను తాగను.) ఆ పనికి ఏ పిల్లా బడి మానలేదు. అలాగని గడ్డి ఇల్లే మంచిదని నేను అనడం లేదు. అగ్గి భయం ఉన్నది, ఏటా వానకి కారుతుంది. నాకు స్లాబు ఇల్లే కావాలి. కానీ గడ్డి ఇంటికి వచ్చిన ఊరు స్లాబు ఇంటికి రావడం లేదు. అది మేస్త్రీ పని, కూలి పని అనుకుంటున్నారు. మేస్త్రీ పోయినాక మిగిలిన పని ఎవరిది? అక్కడే ఆడపిల్ల వస్తది.

మిగిలిన పని అంటే ముఖ్యంగా నీళ్ళు. సిమెంటు ఎండి గట్టిపడతదని మా ఊళ్ళో అందరూ అనుకుంటారు. అది తప్పు అని సైన్సు టీచరు గారు చెప్పేరు. సిమెంటు నీళ్ళతో కలిసి గట్టిపడతది, తొందరగా ఆరిపోతే బీటలు వస్తాయి. అందుకని స్లాబుని కనీసం 10 రోజులు ఆరనివ్వకూడదు. పైన చిన్న చిన్న మడులు కట్టి వరిమడిలాగ నీళ్ళు నిలబెడతారు. నేను లెక్క వేసేను. 25 చదరపు మీటర్ల మీద 5 సెంటీమీటర్లు నీళ్ళు అంటే 1,250 లీటర్లు. మా బిందె 12 లీటర్లు. అంటే 104 బిందెలు. అది ఒక్కసారి నింపడానికి మాత్రమే, రోజూ తగ్గినంత మళ్ళీ పొయ్యాలి. ఊట నుంచి మా ఇంటికి ఎక్కుడు దారి.

మా ఊరి అక్క ఒకామె, నా కంటే ఒక తరగతి పైన చదివేది. రెండేళ్ళ క్రితం వాళ్ళ స్లాబు తడపడానికి ఉండిపోయింది. 10 రోజులు అన్నారు. తరవాత లోపల గోడలకి ప్లాస్టరింగు, దానికీ తడుపు. తరవాత గచ్చు. ఇల్లు పూర్తి అయ్యేసరికి పరీక్షలు అయిపోయినాయి. ఇప్పుడు ఆ ఇంట్లో లేదు, పెళ్ళయి వేరే ఊళ్ళో ఉన్నది. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకి. తొమ్మిదో తరగతి వాళ్ళం సరిగ్గా ఆ గట్టు మీద నిలబడి ఉన్నాం. మన గురించి మనమే మాట్లాడుకోవాలి.

ఎండాకాలం సెలవుల్లో స్లాబు వేసుకోండి అని చెప్పడం తేలిక. అప్పుడు మేము ఇంటి దగ్గరే ఉంటాం కదా. కానీ ఎండాకాలం మా ఊట సన్నబడతది, తాగడానికే చాలదు. వానల్లో స్లాబు కుదరదు. కోతలు అయినాక, వాగులో నీళ్ళు ఉన్నప్పుడే కుదురుతది. అది బడి కాలం. కాబట్టి నీళ్ళు వేరే వాళ్ళు మొయ్యాలి. ఒక్కొక్క ఇంటి నుంచి రోజుకి రెండు బిందెలు అంటే అది ఎవరికీ బరువు కాదు. కప్పు నేయడానికి వచ్చినట్టే రావచ్చు. మళ్ళీ వాళ్ళ స్లాబుకి మనం పోతాం.

వార్డెన్ మేడమ్ గారికి కూడా ఒక మనవి. స్లాబు వేసే రోజుకి సెలవు అడిగితే లేదనకండి. లేదంటే మా వాళ్ళు జ్వరం అని చెప్పి తీసుకుపోతారు, అప్పుడు తిరిగి వచ్చే తేదీ ఎవరికీ తెలియదు. 2 రోజులు ఇచ్చి, వచ్చే తేదీ రాసి, అయ్య చేత వేలిముద్ర వేయించుకోండి. మా అయ్య వేలిముద్ర వేసిన మాట తప్పడు.

మా ఇంటి స్లాబు సంక్రాంతి ముందు అంటున్నారు. 104 బిందెల లెక్క కాగితం మీద రాసి, సంతకి వచ్చిన మా ఊరి వాళ్ళతో అన్నయ్యకి పంపించేను. అన్నయ్య అయిదు దాకా చదివేడు, లెక్క అర్థం అవుతది. కావిడితో అయితే 52 సార్లే అని కింద రాసేను. కావిడి పెదనాన్న ఇంట్లో ఉన్నది.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని