జ్వరం వస్తే మన ఊళ్లో ముందు ఏ ప్రశ్న అడుగుతున్నాం?



సెలవులకి ఇంటికెళ్లినప్పుడు మనలో చాలామంది చూసే సంగతే ఇది. ఊళ్లో ఒక కుర్రాడికి జ్వరం వస్తుంది, తగ్గుతుంది. కొన్నాళ్లకి మళ్లీ వస్తుంది. మూడోసారి వచ్చేసరికి అరుగు మీద మాట మారిపోతుంది. "ఇది మామూలు జ్వరం కాదు, ఎవరో చేశారు" అంటారు. ఇంకో రెండు రోజులకి ఆ "ఎవరో"కి ఒక పేరు వస్తుంది. ఆ పేరు ఊళ్లో బలమున్నోళ్లది మాత్రం కాదు. ఒంటరిగా బతికే ముసలమ్మదో, ఆకుమందు తెలిసిన తాతదో, భూమి తగాదాలో ఉన్నోడిదో అవుతుంది. చిల్లంగి అనుమానంతో మనుషుల్ని చంపిన వార్తలు మన ఏజెన్సీ నుంచి ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. చచ్చిపోయినోళ్లూ మనోళ్లే, జైలుకెళ్లినోళ్లూ మనోళ్లే.

అరుగు మీద ఆ మాట నడుస్తున్నప్పుడు మనం ఎక్కడున్నాం? పక్కనే ఉన్నాం, ఫోన్ చూసుకుంటూ. పరీక్షలో మలేరియా పరాన్నజీవి బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నది మనమే. ఊళ్లో మాత్రం నోరు తెరవం. నాలుగు అక్షరాలు రాగానే పెద్దోళ్లకి చెప్పేంతటోళ్లయ్యారా అంటారని భయం. ఈ భయం గురించే ఇవాళ రాస్తున్నాం.

మలేరియా పరాన్నజీవిని దోమ కడుపులో రోనాల్డ్ రాస్ చూసింది ఎక్కడో కాదు, సికింద్రాబాద్‌లో, 1897 ఆగస్టు 20న. నూట పాతికేళ్లు దాటిపోయింది. తగ్గిన జ్వరం మళ్లీ ఎందుకొస్తుందో కూడా ఇప్పుడు తెలుసు. వైవాక్స్ రకం పరాన్నజీవి కాలేయంలో వారాలు, నెలలు నిద్రపోయినట్టు దాక్కుంటుంది. తర్వాత లేచి రక్తంలోకి వస్తుంది. అందుకే దానికి రెండు రకాల మాత్రలు ఇస్తారు. రక్తంలో ఉన్నదాన్ని చంపేవి 3 రోజులు, కాలేయంలో దాక్కున్నదాన్ని చంపేవి 14 రోజులు. మనోళ్లు ఏం చేస్తారు? మూడో రోజుకి ఒళ్లు తేలికవగానే మిగతా మాత్రలు చూరులో దోపేస్తారు. జ్వరం మళ్లీ వస్తుంది. అప్పుడు చూరు వైపు ఎవరూ చూడరు, పక్కింటి ముసలమ్మ వైపు చూస్తారు.

సికిల్ సెల్ సంగతీ ఇలాంటిదే. గుండ్రంగా ఉండాల్సిన ఎర్ర రక్తకణం కొడవలిలా వంగి సన్నటి రక్తనాళాల్లో అడ్డుపడుతుంది. దాంతో కీళ్లలో, ఎముకల్లో భరించలేని నొప్పి. హాస్టల్లో నొప్పితో మెలికలు తిరిగే పిల్లల్ని "క్లాసు ఎగ్గొట్టడానికి నాటకం" అనడం మేం విన్నాం. ఊళ్లో అయితే అదే నొప్పిని శాపం అంటారు. అది నాటకమూ కాదు, శాపమూ కాదు. అమ్మానాన్నల నుంచి వచ్చే జన్యువు. తల్లిలో ఒకటి, తండ్రిలో ఒకటి ఆ జన్యువు ఉంటే వాళ్లకి సాధారణంగా ఏ బాధా తెలియదు. కానీ వాళ్లకి పుట్టే ప్రతి బిడ్డకీ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. "నలుగురిలో ఒకరికేగా, మొదటి బిడ్డకి వచ్చేసింది, ఇక రాదు" అనుకుంటారు. అది తప్పు. ప్రతి కాన్పుకీ ఆ లెక్క మళ్లీ మొదలవుతుంది. మేనరికాలు ఎక్కువున్న మన ఇళ్లలో ఈ లెక్క తెలియకపోతే నష్టం పిల్లలకే.

ఇందులో సిగ్గుపడాల్సింది మాత్రం ఏమీ లేదు. ఆ జన్యువు ఒకటే ఉన్నోళ్లకి ప్రమాదకరమైన ఫాల్సిపారం మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుంది. దోమలున్న అడవుల్లో ఎన్నో తరాలు బతికిన మనుషుల్లో అది నిలిచింది అందుకే. తాతముత్తాతలు బతికి బట్టకట్టిన గుర్తు అది. దాన్ని శాపం అనడమే తప్పు.

ఇక్కడ కొందరు అన్నలు ఒక మాట అంటారు: "సైన్సు పేరుతో మన సంస్కృతిని మూఢనమ్మకం అంటున్నారు కదా?" ఆ కోపం న్యాయమే. కొత్త కారుకి నిమ్మకాయలు కట్టే పట్నమోళ్లు మనల్ని వెనకబడినోళ్లు అంటే మాకూ మండుతుంది. కానీ సైన్సు పట్నమోళ్ల సొత్తు కాదు. ఇవాళ ఫాల్సిపారం మలేరియాకి వాడే ఆర్టెమిసినిన్ మందు చైనా పాత వైద్యంలోని మొక్క నుంచే వచ్చింది. దాన్ని పరీక్షించి తేల్చిన టు యుయుకి 2015లో నోబెల్ బహుమతి ఇచ్చారు. మన తాతల ఆకుమందులకీ అదే గౌరవం కావాలి, అంటే వాటినీ పరీక్షించాలి. కొన్ని నిలబడతాయి, కొన్ని నిలబడవు. కొత్తల పండగకీ, థింసాకీ, కొండదేవతకీ దీనివల్ల పోయేదేం లేదు. పోవాల్సింది మనిషి మీద వేసే నింద ఒక్కటే.

ఇంకో సంగతి. ప్రశ్న అడగడం అలవాటైతే అది దిసారి దగ్గరే ఆగదు. "రక్త పరీక్ష కిట్టు ఎందుకు లేదు? పరీక్ష చేసి నెలలైనా ఫలితం ఎందుకు చెప్పలేదు? డోలీలో ఇంకా ఎన్నాళ్లు మోయాలి?" అని ఆఫీసుల్నీ అడుగుతుంది. ఆసుపత్రి అందకపోతే జనం గురువు దగ్గరికే పోతారు, అది వాళ్ల తప్పు కాదు. శాస్త్రీయ దృక్పథం, ప్రశ్నించే తత్వం పెంచుకోవడం రాజ్యాంగం 51ఏ ప్రకారం పౌరుల ప్రాథమిక విధి. ఆ విధి ఆఫీసర్లకీ ఉంది.

మరి మనం చేయగలిగింది ఏంటి? ఊరెళ్లినప్పుడు జ్వరమొచ్చిన ఇంటికి ఆశా అక్కతో కలిసి వెళ్దాం. 14 రోజుల మాత్రలు అయ్యేదాకా రోజూ అడుగుదాం. "ఎవరో చేశారు" అన్న మాట వినపడితే, పెద్దోళ్లని ఎదిరించకుండానే, "ముందు రక్తం చూపిద్దాం తాతా" అని ఒక్క మాట అందాం. ఆ నింద ముదిరి ఎవరి ప్రాణం మీదికైనా వస్తుందనిపిస్తే ఆలస్యం చేయకుండా పోలీసులకి చెబుదాం.

వాటన్నిటికంటే ముందు పని ఇంకోటుంది. సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 2023 జూలైలో మొదలైంది. 40 ఏళ్ల లోపు వాళ్లకి పరీక్ష చేసి కార్డు ఇవ్వడం అందులో భాగం. మనలో చాలామందికి పెళ్లీడు దగ్గరపడింది. ఊరికి చెప్పేముందు మన రక్తం మనం పరీక్ష చేయించుకుందామా? మేం హాస్టల్లో పేర్లు రాసుకోవడం మొదలుపెట్టాం. మీరూ మొదలుపెట్టండి.