కాటా ఎవరి చేతిలో ఉంది?

ఈ మధ్య పరిశ్రమల్లో ఐఓటీ మీద ఏ ప్రెజెంటేషన్ చూసినా అవే మాటలు. ఎడ్జ్ ఏఐ, డిజిటల్ ట్విన్, ప్రెడిక్టివ్ మెయింటెనెన్స్. మోటారు చెడిపోక ముందే దాని అదురుని బట్టి పసిగట్టేస్తుందట. మంచిదే, కాదనను, నా జీతం కూడా అందులోంచే వస్తోంది. కానీ మా ఖమ్మం, భద్రాచలం వైపు నుంచి చూస్తే ఒళ్ళు మండుతోంది. ఎందుకో చెప్తాను.

వానాకాలంలో భద్రాచలంలో ఏ ఆటోవాలానైనా అడగండి, గోదారి ఎన్ని అడుగులుందో టక్కున చెప్తాడు. 43 మొదటి హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది. 1986లో 75.6, 2022 జూలైలో 71.3. ఈ అంకెలు అర్థం కావడానికి బీటెక్కులేం అక్కర్లేదు. 53 దగ్గరపడుతోందంటే సామాను సర్దుకోవాలని ఇంట్లో ముసలమ్మకి కూడా తెలుసు. నేను చూసినవాటిలో ఇంతకన్నా బాగా పనిచేసే డాష్‌బోర్డు లేదు.

ఇప్పుడు వంతెన దాటి అవతలికి రండి. సారపాకలో కాగితం మిల్లు. ఇంకా పైకెళ్తే మణుగూరు దగ్గర 1080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్. ఇలాంటి 17 రకాల పరిశ్రమలు పొగగొట్టాల్లో, మురుగునీరు వదిలే చోట సెన్సర్లు పెట్టి ఆగకుండా డేటా పంపాలని 2014 ఫిబ్రవరిలోనే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఆదేశించింది. అంటే ఐఓటీ మనకి ఫ్యాషన్ కాకముందే ఈ అడవి అంచుకి వచ్చేసిందన్నమాట! ఆ రీడింగులు జనానికి కనపడేలా రాష్ట్ర మండళ్ళ పోర్టళ్ళలో పెట్టాలని 2017లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

పోర్టల్ సరే. బూర్గంపాడు రైతు "మిల్లీగ్రామ్స్ పర్ నార్మల్ క్యూబిక్ మీటర్" అని చదివి ఏం చేసుకోవాలండీ?

ఇంకో తమాషా. ఆ సెన్సర్ కొనేది ఫ్యాక్టరీయే, మెయింటెనెన్స్ వాడికి డబ్బులిచ్చేదీ ఫ్యాక్టరీయే. ఖమ్మం మిర్చి యార్డులో కాటా ముల్లు చూడకుండా ఏ రైతన్నా బస్తా దింపుతాడా? పోనీ అంకె హద్దు దాటిందే అనుకుందాం. 1974 నీటి చట్టం 21వ సెక్షన్ ప్రకారం నమూనా కోర్టులో నిలబడాలంటే ముందు యాజమాన్యానికి నోటీసివ్వాలి, నీళ్ళు పట్టాలి, సీలు వేసి ల్యాబుకి పంపాలి. ఈలోగా నది ఆగుతుందా?

"జనం అపార్థం చేసుకుంటారు, సెన్సర్లు తప్పులు చూపిస్తాయి" అంటారు మావాళ్ళు. చూపిస్తాయి, ఒప్పుకుంటాను. లెన్సు మీద బూడిద పేరుకుంటే లేని ధూళి కూడా కనపడుతుంది. అయితే ఆఖరిసారి క్యాలిబ్రేషన్ ఎప్పుడు చేశారో కూడా అంకె పక్కనే రాయండి. వరద అడుగుల్ని అర్థం చేసుకున్న జనానికి ఇదో లెక్కా?

నేనడిగేది చిన్నదే. సారపాక సెంటర్లో, మణుగూరు బస్టాండులో పెద్ద బోర్డు. తెలుగులో. ధూళి ఇంత, హద్దు ఇంత, నీటిలో కాలుష్యం ఇంత. గోదారికి ఉన్నట్టే మూడు గీతలు. అడవి లోపలి గూడేల్లో సిగ్నల్ ఉండదంటారా, లోరా రేడియో ఉంది కదా! 865 మెగాహెర్ట్జ్ బ్యాండుకి లైసెన్సు కూడా అక్కర్లేదు. ఒక చిన్న ప్యానెలూ, బ్యాటరీ చాలు. కోడ్ నేను రాసిస్తాను, ఊరికే.