పెట్టెల్లో కాపురం

అలాస్కా ఉత్తరపు కొసన, బోఫోర్ట్ సముద్రంలో కూపర్ ఐలాండ్ అని ఇసుకా గులకరాళ్ళూ తప్ప మరేమీ లేని ఒక దిబ్బ ఉంది. 1972లో జార్జ్ డివోకీ అనే పక్షి పరిశోధకుడు అక్కడ దిగేసరికి, 1950లలో అమెరికా నౌకాదళం పారేసిపోయిన చెక్కపెట్టెల్లో నల్లటి పిట్టలు కాపురం పెట్టి ఉన్నాయి. పేరు బ్లాక్ గిల్లెమాట్. పావురమంత ఒళ్ళు, రెక్కల మీద తెల్లమచ్చ, ఎర్రటి కాళ్ళు. రాతి సందుల్లో గుడ్లు పెట్టే జాతి. రాయి దొరకని చోట పెట్టెతో సరిపెట్టుకుంది. డివోకీ ఇంకొన్ని పెట్టెలు అమర్చి, 1975 నుంచి వేసవి వేసవికీ అక్కడికి వెళ్ళి లెక్క రాస్తూ వచ్చాడు.

ఆ లెక్కలో మొదటి సగం చదివితే వేడిమికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. ఈ పిట్ట గుడ్డు పెట్టి, పిల్లకు రెక్కలొచ్చేదాకా సాకడానికి నేల మీద మంచులేని రోజులు దాదాపు 80 కావాలి. వెనకటికి అంత వేసవి అక్కడ ఉండేది కాదు. వాతావరణం వెచ్చబడ్డాకే పిట్టకు అక్కడ చోటు దొరికింది. 1980ల చివరికి 200 జంటలు దాటాయి.

పెట్టిన చెయ్యే లాక్కోవడం తర్వాతి సంగతి. పిల్లల నోటికందే ఆర్కిటిక్ కాడ్ చేప సముద్రపు మంచుగడ్డల అడుగున బతుకుతుంది. ఆ మంచు ఏటికేడు దూరం జరిగిపోయింది. దగ్గర్లో దొరికే స్కల్పిన్ చేపకు తలంతా ఎముకే, పిల్లల గొంతు దిగదు. దక్షిణం నుంచి పఫిన్‌లు వచ్చి గూళ్ళలో దూరి పిల్లల్ని చంపాయి. మంచు కరిగి ఒడ్డున చిక్కుకున్న ధ్రువపు ఎలుగుబంట్లు 2002 నుంచి పెట్టెలు తిరగేసి పిల్లల్ని తినడం మొదలుపెట్టాయి. ఇటీవలి సంవత్సరాల్లో జంటల లెక్క వంద కంటే చాలా తక్కువ.

పక్షుల 'పరిధి ఉత్తరానికి జరిగింది' అని మనవాళ్ళు తేలిగ్గా రాసేస్తుంటారు, లారీ మాట్లాడుకుని సామాను ఎక్కించినట్టు. నాకు ఆ మాట మింగుడుపడదు. ఈ పిట్టకు గుడ్డు పెట్టడానికి పొడినేల, పిల్లను మేపడానికి మంచు అంచు, రెండూ ఒక రెక్కదూరంలో ఉండాలి. మంచు ఉత్తరానికి పోతుంది సరే, నేల పోదు కదా! ఆ దిబ్బ దాటితే అంతా నీళ్ళే. పైగా ఏటా పాత గూటికే తిరిగొచ్చే పిట్ట ఇది.

ఎలుగుబంట్ల ధాటికి డివోకీ గుడారం వదిలి చెక్కగదిలోకి మారాడు. పిట్టలకేమో చెక్క తీసేసి, ఎలుగుబంటి తెరవలేని గట్టి ప్లాస్టిక్ పెట్టెలు పెట్టాడు.